అయస్కాంతం అంటని స్టీలు మంచిదా, అంటుకునే స్టీలు మంచిదా? అసలు అది దేన్ని లాగుతుంది, ఎందుకు లాగుతుంది?

గోస్తనీ_తీరం

మా అక్క కూతురి పెళ్లికి సారె సామాను కొనేటప్పుడు దుకాణదారు ప్రతి గిన్నెకూ ఒక చిన్న అయస్కాంతాన్ని తాకించి, అది అంటుకోకుండా జారిపోవడం చూపించి, మేలురకం స్టీలుకు ఇదే గుర్తు అని చెప్పాడు. కొత్త కాపురంలో వాళ్లు వాడేది ఇండక్షన్ పొయ్యి. ఆ గిన్నెల్లో ఒక్కటి కూడా దాని మీద వేడెక్కలేదు. మార్చుకుందామని వెళితే, అయస్కాంతం అంటుకునేవి నాసిరకమని, తుప్పు పడతాయని, ఆడపిల్లకు అలాంటివి పెట్టవద్దని మళ్లీ అదే మాట చెప్పి పంపించారు.

స్టీలు అంటేనే ఇనుము ఎక్కువగా ఉన్న లోహం. ఇనుమును అయస్కాంతం లాగుతుందని చిన్న తరగతుల నుంచీ చదువుకున్నాం. మరి దాదాపు మూడు వంతులు ఇనుమే ఉన్న గిన్నెను అది ఎందుకు వదిలేస్తోంది? అంటుకోకపోవడం మంచికి గుర్తా, చెడుకు గుర్తా? అసలు అయస్కాంతం ఏయే పదార్థాలను లాగుతుందో, ఎందుకు లాగుతుందో తెలిసినవారు మొదటి నుంచి వివరంగా చెప్పాలని కోరుతున్నాను.

గిన్నెల_బజారు

దుకాణదారు మిమ్మల్ని మోసం చేశాడని అనుకోకండి. మాది పాత్రల వ్యాపారం చేసే కుటుంబం. అంటుకోని స్టీలులో నికెల్ కలుస్తుంది, నికెల్ ఖరీదైన లోహం, అందుకే ఆ గిన్నె ధర ఎక్కువ, మన్నిక ఎక్కువ. కొనేవారి చేతిలో వేరే సాధనం ఏదీ లేనప్పుడు అయస్కాంతమే దిక్కు. ఇండక్షన్ పొయ్యికి అడుగున వేరే రేకు వేసిన గిన్నెలు విడిగా దొరుకుతాయి, అవి అడగవలసింది.

రేకుల_కార్ఖానా

గిన్నెల బజారు గారి మాటలో సగమే నిజం ఉంది, మిగిలిన సగం వల్లనే కొనేవాళ్లు నష్టపోతున్నారు. స్టెయిన్‌లెస్ స్టీలు రేకుతో పనిచేసేవాడిగా నాకు తెలిసినది చెబుతాను.

మంచి గిన్నెకు వాడే రేకును 304 రకం అంటాం. అందులో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. పెట్టెల మీద కనిపించే 18/8 అంకెకు అర్థం అదే. దీనికి అయస్కాంతం అంటుకోదు. అయితే నికెల్ ధర పెరిగిన కొద్దీ దానికి బదులుగా మాంగనీసు వేసి చేసే 200 శ్రేణి రేకు మన బజారులో బాగా పెరిగింది. 202 రకంలో నికెల్ 4 నుంచి 6 శాతం, మాంగనీసు 7.5 నుంచి 10 శాతం ఉంటాయి. దీనికి కూడా అయస్కాంతం అంటుకోదు. ధర తక్కువ, ఉప్పుకూ పులుపుకూ తట్టుకునే శక్తి 304 కన్నా తక్కువ. దుకాణంలో చేసిన పరీక్ష ఈ రెండింటిలో ఏది ఏదో ఎప్పటికీ చెప్పలేదు.

ఇక అంటుకునే స్టీలు సంగతి. 430 రకంలో క్రోమియం 16 నుంచి 18 శాతం ఉంటుంది, నికెల్ దాదాపు ఉండదు, అయస్కాంతం గట్టిగా పట్టుకుంటుంది. స్టీలుకు తుప్పు పట్టకుండా కాపాడేది ముఖ్యంగా క్రోమియం. అది గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి ఉపరితలం మీద కంటికి కనిపించని ఆక్సైడ్ పొరను ఏర్పరుస్తుంది. కాబట్టి 430 రేకు అంటుకుంటుంది గనుక తుప్పు పడుతుంది అనడం సరికాదు. రోజువారీ వంటకు అది చక్కగా పనికివస్తుంది. ఇండక్షన్ గిన్నెల అడుగున అతికించే బిళ్ల సాధారణంగా ఈ జాతిదే.

నల్లరేగడి

పై జవాబులో నాకు ఒక విషయం అర్థం కాలేదు. ఇనుము, నికెల్, కోబాల్ట్ మూడింటినీ అయస్కాంతం లాగుతుందని చదివాను. ఇనుమునూ లాగుతుంది, నికెల్‌నూ లాగుతుంది. రెండూ కలిసిన 304ను మాత్రం లాగదు. అసలు ఇది ఎలా సాధ్యం?

లోలకం

నల్లరేగడి గారు అడిగినదే ఈ చర్చ మొత్తానికి గుండెకాయ. భౌతిక శాస్త్రం బోధించేవాడిగా దీనికి కొంచెం పొడుగ్గా జవాబు చెప్పక తప్పదు.

ఒక పదార్థంలో ఇనుము ఉందా లేదా అన్నది అయస్కాంతానికి పట్టదు. ఆ పరమాణువులు ఒకదాని పక్కన ఒకటి ఏ అమరికలో ఉన్నాయి, వాటి ఎలక్ట్రాన్లు ఒకే దిశకు తిరిగి ఉన్నాయా లేదా అన్నదే దానికి ముఖ్యం. ప్రతి ఎలక్ట్రాన్‌కూ స్పిన్ అనే సహజ గుణం ఉంటుంది. దాని వల్ల ఎలక్ట్రాన్ తానే ఒక అతి సూక్ష్మమైన అయస్కాంతం అవుతుంది. చాలా పదార్థాలలో ఎలక్ట్రాన్లు జతలు జతలుగా ఉంటాయి, జతలో ఒకటి పైకి, మరొకటి కిందికి చూస్తాయి గనుక రెండింటి ప్రభావం రద్దవుతుంది. ఇనుము పరమాణువు విడిగా ఉన్నప్పుడు దాని 3డి అనే ఎలక్ట్రాన్ కక్ష్యల్లో నాలుగు ఎలక్ట్రాన్లు జత లేకుండా మిగిలిపోతాయి.

జత లేని ఎలక్ట్రాన్లు ఉంటేనే సరిపోదు. అల్యూమినియంలోనూ, ఆక్సిజన్‌లోనూ అవి ఉన్నాయి, అయినా మనం ఆ రెండింటినీ అయస్కాంతంతో ఎత్తలేము. ఇనుములో పక్కపక్క పరమాణువుల ఎలక్ట్రాన్లు తమంతట తామే ఒకే దిశకు తిరుగుతాయి. దీనికి కారణం ఆ చిన్న అయస్కాంతాలు ఒకదాన్నొకటి లాక్కోవడం కాదు, ఆ బలం చాలా తక్కువ. ఎలక్ట్రాన్లకు ఒకదానితో ఒకటి విద్యుత్ వికర్షణ ఉంటుంది. స్పిన్‌లు ఒకే దిశలో ఉన్న ఎలక్ట్రాన్లను పౌలీ నియమం ఒకదానికొకటి దూరంగా ఉంచుతుంది గనుక, కొన్ని లోహాల్లో స్పిన్‌లు ఒకే దిశకు తిరిగితే మొత్తం శక్తి తగ్గుతుంది. హైసెన్‌బర్గ్ 1928లో క్వాంటం సిద్ధాంతం ఆధారంగా ఇచ్చిన వివరణ ఇది. దీన్ని వినిమయ బలం అంటారు.

ఈ బలం పరమాణువుల మధ్య దూరం మీద, స్ఫటికంలో వాటి అమరిక మీద ఎంతో ఆధారపడుతుంది. మామూలు ఇనుములో పరమాణువులు ఘనం మూలల్లోనూ, దాని నడిబొడ్డునా ఉంటాయి. అక్కడ స్పిన్‌లు ఒకే దిశకు కుదురుకుంటాయి. 304 స్టీలులో నికెల్ కలిపినందువల్ల గది ఉష్ణోగ్రత దగ్గర కూడా అమరిక మారిపోయి, పరమాణువులు ఘనం మూలల్లోనూ, ప్రతి ముఖం మధ్యలోనూ ఉంటాయి. దీని పేరు ఆస్టెనైట్. ఇందులో ఇనుము పరమాణువుల స్పిన్‌లు ఒకే దిశకు కుదురుకోవు. మాంగనీసు కూడా ఇదే అమరికను నిలబెడుతుంది గనుక 202కు అయస్కాంతం అంటుకోదు. 430లో ఇనుము పాత అమరికే మిగిలింది గనుక అంటుకుంటుంది.

రేకుల_కార్ఖానా

లోలకం మాస్టారు చెప్పిన అమరికల మాటకు మా కార్ఖానాలో రోజూ సాక్ష్యం కనిపిస్తుంది. ఒకే 304 రేకు, చదునుగా ఉన్నప్పుడు అయస్కాంతం దాని మీద నిలవదు. అదే రేకును ప్రెస్సులో లోతైన గ్లాసుగా లాగిన తర్వాత అంచు దగ్గర అయస్కాంతం కొద్దిగా పట్టుకుంటుంది, సింకు మూలల దగ్గరైతే ఇంకా తెలుస్తుంది. లోహం బాగా సాగినచోట ఆస్టెనైట్‌లో కొంత భాగం మార్టెన్‌సైట్ అనే వేరే అమరికకు మారిపోతుంది, దానికి అయస్కాంత గుణం ఉంది. అదే గ్లాసును సుమారు 1050 డిగ్రీలకు కాల్చి వెంటనే చల్లారిస్తే ఆ గుణం పోతుంది. రసాయనికంగా ఏమీ మారలేదు, కలిసిందీ లేదు, పోయిందీ లేదు.

ఈ సంగతి తెలియక, సింకు మూలకు అయస్కాంతం అంటుకుందని సరుకు వెనక్కి పంపేవాళ్లు ఉన్నారు. 304ను వెల్డింగ్ చేసిన అతుకు దగ్గర కూడా కొంచెం పట్టుకుంటుంది. అతుకు పగుళ్లు రాకుండా ఉండాలని వెల్డింగ్ తీగలోనే కొద్దిపాటి ఫెర్రైట్, అంటే అయస్కాంతం లాగే ఆ పాత అమరిక, మిగిలేలా చేస్తారు.

గిన్నెల_బజారు

మీరు చెప్పినదంతా కార్ఖానా వారికి బాగుంటుంది. దుకాణానికి వచ్చినవారు స్ఫటికాల గురించి అడగరు. అంటుకునే రేకుకూ అంటుకోని రేకుకూ ధరలో తేడా ఉన్నంత కాలం ఆ తేడాను చూపించడానికి అయస్కాంతం పనికివస్తుంది. 430 రేకును 304 అని చెప్పి అమ్మేవాడిని అది పట్టిస్తుందా లేదా?

రేకుల_కార్ఖానా

తప్పకుండా పట్టిస్తుంది, అది ఒప్పుకుంటాను. అయితే 202ను 304 అని అమ్మేవాడిని పట్టించదు, మన బజారులో ఎక్కువగా జరిగే మోసం అదే. దానికి మాంగనీసును గుర్తించే ద్రవం చుక్క వేసి, 9 వోల్టుల బ్యాటరీ తాకించి రంగు చూస్తారు. పెద్ద సంస్థలు ఎక్స్‌రే యంత్రంతో లోహాల పాళ్లను నేరుగా చదువుతాయి. కొనేవారికి ఇంతకన్నా సులువైన దారి గుర్తు చూసి కొనడం. 2024లో కేంద్ర ప్రభుత్వం స్టీలు పాత్రలకు ఐ.ఎస్.ఐ. గుర్తును తప్పనిసరి చేసింది, ప్రమాణం సంఖ్య ఐ.ఎస్. 14756. బిల్లు మీద రకం సంఖ్య రాయించుకోవడం కూడా మేలు.

కొలిమి_వారసుడు

అమరిక మాట వచ్చింది కాబట్టి మా వృత్తి సంగతి ఒకటి చెప్పాలి. కత్తి, కొడవలి పదును నిలవాలంటే ఎర్రగా కాల్చి నీళ్లలోనో నూనెలోనో ముంచాలి. ఎంత కాల్చాలన్నది చాలామంది రంగు చూసి చెబుతారు. ఎండలో రంగు సరిగా తెలియదు. అప్పుడు కొలిమి పక్కన వేలాడదీసిన అయస్కాంతానికి కాలిన ఇనుమును తాకిస్తాం. ఇంకా లాగుతూ ఉంటే మళ్లీ నిప్పుల్లో పెడతాం, లాగడం మానేసిన తర్వాత ఇంకాస్త కాల్చి ముంచుతాం. ఎర్రటి ఇనుము అయస్కాంతం ముందు రాయిలా ఉండిపోవడం కొత్తగా చూసేవారు నమ్మలేరు. చల్లబడితే తిరిగి లాగుతుంది.

లోలకం

కొలిమి వారసుడు గారు చెప్పినదాన్ని పుస్తకాల్లో క్యూరీ ఉష్ణోగ్రత అంటారు. పియరీ క్యూరీ 1895లో వెలువరించిన పరిశోధన వల్ల ఆ పేరు వచ్చింది. వేడి పెరిగిన కొద్దీ పరమాణువుల కదలిక పెరిగి, స్పిన్‌లను ఒకే దిశలో పట్టి ఉంచే వినిమయ బలం ఓడిపోతుంది. ఇనుముకు అది సుమారు 770 డిగ్రీల సెల్సియస్, నికెల్‌కు సుమారు 355, కోబాల్ట్‌కు 1100 పైచిలుకు. గడోలినియం అనే అరుదైన లోహానికి సుమారు 20 డిగ్రీలే. మంచు నీళ్లలో ముంచి తీస్తే దాన్ని అయస్కాంతం గట్టిగా లాగుతుంది, అరచేతిలో కాసేపు ఉంచితే వదిలేస్తుంది.

మన వంటింట్లో కూడా ఇది పనిచేస్తోంది. చాలా విద్యుత్ రైస్‌కుక్కర్ల అడుగున మధ్యలో స్ప్రింగు మీద నిలిచిన గుండ్రని భాగం ఉంటుంది. దాని లోపల ఒక అయస్కాంతం, దానికి అంటుకుని 100 డిగ్రీలకు కాస్త పైన అయస్కాంత గుణం కోల్పోయే ఒక పదార్థం ఉంటాయి. నీళ్లు ఉన్నంతసేపు గిన్నె అడుగు 100 డిగ్రీలు దాటదు. నీళ్లు ఇగిరిపోగానే వేడి పెరుగుతుంది, ఆ పదార్థం పట్టు వదులుతుంది, స్ప్రింగు తన్ని మీట పైకి లేస్తుంది. మీకు వినిపించే ‘టక్’ అన్న శబ్దం క్యూరీ ఉష్ణోగ్రత దాటినప్పటిది.

నల్లరేగడి

రైస్‌కుక్కర్ సంగతి చాలా బాగుంది. ఇంతకాలం అందులో గడియారం ఉందనుకునేవాళ్లు మా ఇంట్లో ఉన్నారు, వాళ్లకు ఈ జవాబు చదివి వినిపిస్తాను. మరొక సందేహం. ఇనుప మేకులో స్పిన్‌లన్నీ ఒకే దిశలో ఉంటే, ఆ మేకు తానే అయస్కాంతం అయిపోవాలి కదా? మామూలు మేకు మరొక మేకును ఎందుకు లాగదు?

లోలకం

మేకు మొత్తం ఒకే దిశలో ఉండదు. అది డొమైన్లు అనే చిన్న చిన్న ప్రాంతాలుగా విడిపోయి ఉంటుందని పియరీ వైస్ 1907లో ప్రతిపాదించాడు. తిరునాళ్లలో ఒక్కొక్క గుంపు ఒక్కొక్క వేడుకకేసి తిరిగి నిలబడినట్లు, ఒక డొమైన్‌లోని పరమాణువులన్నీ ఒక దిశకు, పక్క డొమైన్‌లోనివి మరొక దిశకు తిరిగి ఉంటాయి. మొత్తం కలిపితే ప్రభావం సున్నాకు దగ్గర. బయటి అయస్కాంతం దగ్గరికి రాగానే దాని దిశకు అనుకూలంగా ఉన్న డొమైన్లు పక్కవాటిని ఆక్రమించి పెరుగుతాయి, అప్పుడు మేకు తాత్కాలికంగా అయస్కాంతమై అతుక్కుంటుంది. అయస్కాంతాన్ని తీసేస్తే మెత్తని ఇనుములో డొమైన్లు తిరిగి కలగాపులగమవుతాయి. గట్టి స్టీలులో సరిహద్దులు సులభంగా వెనక్కి జరగలేవు, అందుకే అయస్కాంతంతో రుద్దిన సూది చాలాకాలం అయస్కాంతంగా ఉండిపోతుంది.

పసుపు_గడప

మా అబ్బాయి తొమ్మిదో తరగతి. అల్యూమినియం పారా అయస్కాంత పదార్థమని, దాన్ని అయస్కాంతం ఆకర్షిస్తుందని పరీక్షలో రాశాడు. ఇంట్లో అల్యూమినియం గిన్నెకు పెట్టి చూపించమంటే అంటుకోలేదు. పుస్తకం తప్పా, మా అయస్కాంతం బలహీనమా?

లోలకం

రెండూ కాదండీ. అబ్బాయి రాసినది నిజమే, కానీ ఆ ఆకర్షణ ఇనుముతో పోలిస్తే అనేక వేల రెట్లు తక్కువ. ఇలాంటి పదార్థాల్లో ఒక్కొక్క ఎలక్ట్రాన్ మాత్రమే అయస్కాంతానికి కొంచెం స్పందిస్తుంది, పక్కవాటితో కలిసి ఒక దిశకు తిరిగే వినిమయ బలం సాయపడదు. చేతికి తెలియనంత చిన్న బలం అది, సున్నితమైన త్రాసుకు తెలుస్తుంది. ఆక్సిజన్ కూడా ఇలాంటిదే. సుమారు మైనస్ 183 డిగ్రీలకు చల్లార్చి ద్రవంగా మార్చినప్పుడు, బలమైన అయస్కాంతం రెండు ధ్రువాల మధ్య పోస్తే ఆ లేత నీలి ద్రవం కింద పడకుండా అక్కడే నిలిచిపోతుంది. అలాంటి ఇతర పదార్థాలు ప్లాటినం, టైటానియం.

మూడో రకం కూడా ఉంది. రాగి, వెండి, బంగారం, నీళ్లు, గ్రాఫైట్, బిస్మత్ లాంటివి అయస్కాంతం నుంచి చాలా స్వల్పంగా దూరం జరుగుతాయి. ఇవి డయా అయస్కాంత పదార్థాలు. అబ్బాయికి ఇంట్లోనే చూపించవచ్చు. పుల్ల రెండు చివర్లా రెండు ద్రాక్షపళ్లు గుచ్చి, మధ్యలో దారం కట్టి గాలి తగలని చోట వేలాడదీసి, కదలిక ఆగేదాకా ఆగండి. ఒక పండు దగ్గరికి నియోడిమియం అనే లోహం కలిపి చేసిన బలమైన అయస్కాంతాన్ని నెమ్మదిగా తీసుకువస్తే, తాకకుండానే పండు వెనక్కి జరగడం కనిపిస్తుంది. ద్రాక్షలో నీరే ఎక్కువ గనుక అలా జరుగుతుంది. 1997లో నెదర్లాండ్స్‌లోని నైమెగెన్‌లో ఆండ్రే గైమ్, ఆయన సహచరులు సుమారు 16 టెస్లాల (అయస్కాంత క్షేత్ర బలానికి కొలమానం) క్షేత్రంలో బతికి ఉన్న కప్పను గాలిలో నిలబెట్టినది ఈ నీటి వికర్షణ వల్లనే.

పసుపు_గడప

ద్రాక్షపళ్లతో చేసి చూశాం. నిజంగానే వెనక్కి జరిగింది, పిల్లవాడు పుస్తకం తీసి ఆ పేజీ మళ్లీ చదివాడు. రక్తంలో ఇనుము ఉంది కదా, దాన్ని అయస్కాంతం లాగుతుందా అని ఇప్పుడు అడుగుతున్నాడు.

స్కానింగ్_గది

నేను ఎం.ఆర్.ఐ. విభాగంలో పనిచేస్తాను, ఈ ప్రశ్న రోగులు కూడా అడుగుతారు. రక్తంలోని ఇనుము లోహంగా ఉండదు. ఒక్కొక్క పరమాణువు హీమోగ్లోబిన్ అణువు లోపల విడివిడిగా బంధించబడి ఉంటుంది, పక్కన మరొక ఇనుము పరమాణువు ఉండి చేయి కలపదు. ఆక్సిజన్ మోస్తున్న హీమోగ్లోబిన్ డయా అయస్కాంతమని, ఆక్సిజన్ వదిలేసినది పారా అయస్కాంతమని పౌలింగ్, కోరియెల్ 1936లో చూపించారు. ఈ తేడా ఆధారంగానే మెదడులో ఏ భాగం పనిచేస్తోందో చూసే ఫంక్షనల్ ఎం.ఆర్.ఐ. వచ్చింది. 3 టెస్లాల యంత్రంలో పడుకున్నా రక్తం ఎటూ లాగబడదు.

అదే గదిలోకి ఇనుప ఆక్సిజన్ సిలిండరు తెస్తే ప్రాణాలకే ప్రమాదం. అది గాలిలో ఎగిరి యంత్రం లోపలికి దూసుకుపోతుంది. యంత్రం ఆపి ఉందనుకుని లోపలికి వచ్చేవారు ఉంటారు, సూపర్‌కండక్టర్ (విద్యుత్తును నిరోధం లేకుండా ప్రవహించనిచ్చే పదార్థం) తీగతో చేసిన ఆ అయస్కాంతం రాత్రీ పగలూ పనిచేస్తూనే ఉంటుంది. ఎముకలకు వేసే 316ఎల్ స్టీలు, టైటానియం ప్లేట్లను అది గట్టిగా లాగదు, అయినా శరీరంలో ఏ లోహం ఉన్నా ముందుగా సిబ్బందికి చెప్పి తీరాలి.

నానుతాడు

బంగారాన్ని అయస్కాంతం లాగదని పైన రాశారు. మా గొలుసు మొత్తం లాగలేదు, కొక్కెం మాత్రం అంటుకుంది. కంసాలి మోసం చేశాడా?

స్కానింగ్_గది

గుండ్రని కొక్కెంలో మీట వెనక్కి తిరిగి రావడానికి సన్నని స్టీలు స్ప్రింగు పెడతారు. బంగారం మెత్తని లోహం, అంత సన్నని స్ప్రింగుగా అది పనికిరాదు. అంటుకున్నది ఆ స్ప్రింగే కావచ్చు. కంసాలిని అడిగితే విప్పి చూపిస్తారు.

రేకుల_కార్ఖానా

నానుతాడు గారికి ఒక హెచ్చరిక. అంటుకోకపోతే బంగారమే అని కూడా అనుకోకండి. రాగి, వెండి, ఇత్తడి, సీసం, టంగ్‌స్టన్, వీటిలో దేన్నీ మీ చేతిలోని అయస్కాంతం పట్టుకోదు. లోపల ఇనుము ఉన్న నకిలీని మాత్రమే అది పట్టిస్తుంది. బంగారానికి హాల్‌మార్కు చూడవలసిందే.

మోటారు_వైండింగ్

పాత ఇనుము కొట్టులో రాగి తీగను అయస్కాంతంతోనే మొదట చూస్తారు. రాగి పూత పూసిన ఇనుప తీగ వెంటనే దొరికిపోతుంది. రాగి పూత పూసిన అల్యూమినియం తీగ దొరకదు, దాన్ని కోసి లోపలి తెల్లదనం చూడాలి, లేదా బరువు చూడాలి. ఇక్కడ నాకొక సందేహం. మందపాటి రాగి రేకు మీద బలమైన అయస్కాంతాన్ని జార్చితే ఎవరో పట్టుకున్నట్లు నెమ్మదిగా జారుతుంది. రాగిని అయస్కాంతం లాగదన్నారు, మరి ఇదేమిటి?

లోలకం

అది కదలిక వల్ల పుట్టే బలం. కదులుతున్న అయస్కాంతం రాగిలో సుడి విద్యుత్ ప్రవాహాలను పుట్టిస్తుంది, ఆ ప్రవాహాలు లెంజ్ నియమం ప్రకారం కదలికను అడ్డుకుంటాయి. అయస్కాంతాన్ని ఆపి ఉంచితే ఏ బలమూ ఉండదు.

ఇండక్షన్ పొయ్యిలోనూ ఇవే ప్రవాహాలు గిన్నె అడుగును వేడి చేస్తాయి. అయస్కాంతం అంటుకునే ఇనుములోనూ, 430లోనూ ఆ ప్రవాహాలు అడుగున చాలా పలుచని పొరలోకే నెట్టబడి, ఎక్కువ నిరోధాన్ని ఎదుర్కొని, బాగా వేడి పుట్టిస్తాయి. డొమైన్ల దిశ క్షణక్షణం తిరగడం వల్ల మరికొంత వేడి కలుస్తుంది. రాగి, అల్యూమినియంలలో నిరోధం తక్కువ గనుక వేడి పుట్టదు. 304లో కొంత వేడి పుట్టినా సరిపోదు, చాలా పొయ్యిలు గిన్నె లేనట్లే భావించి ఆగిపోతాయి. ఇండక్షన్ గిన్నె కొనేటప్పుడు అయస్కాంతాన్ని నిశ్చింతగా వాడవచ్చు, అడుగున గట్టిగా అంటుకోవాలి.

నాణేల_సంచి

నికెల్ మాట మీద నా సంచిలోని నాణేలు చక్కని సాక్ష్యం. 1960ల నాటి రూపాయి నికెల్‌ది, దాన్ని అయస్కాంతం ఎత్తుతుంది. 1980ల నాటి రూపాయిలో 75 శాతం రాగి, 25 శాతం నికెల్, దాన్ని కదిలించలేదు. 1992 తర్వాత వచ్చిన స్టీలు రూపాయిని మళ్లీ ఎత్తుతుంది. నికెల్ నాలుగో వంతు ఉన్నా ఎందుకు ఎత్తలేదో ఎవరైనా చెప్పండి.

లోలకం

నికెల్ లోహంలో సగటున ఒక్కొక్క పరమాణువుకు 0.6 వంతు స్పిన్ మాత్రమే జత లేకుండా మిగులుతుంది. ఇనుములో అది 2.2. రాగి పరమాణువులో నికెల్ కన్నా ఒక ఎలక్ట్రాన్ ఎక్కువ. రాగిని కలిపిన కొద్దీ దాని అదనపు ఎలక్ట్రాన్లు నికెల్‌లోని ఆ ఖాళీని పూడుస్తాయి. రాగి 60 శాతానికి చేరేసరికి ఖాళీ దాదాపు పూడిపోతుంది, అయస్కాంత గుణం మాయమవుతుంది. మీ నాణెంలో రాగి 75 శాతం.

దీనికి తలకిందులైన ఉదాహరణ కూడా ఉంది. రాగి, మాంగనీసు, అల్యూమినియం, ఈ మూడింటిలో దేన్నీ విడిగా అయస్కాంతం ఎత్తదు. వాటిని తగిన పాళ్లలో కలిపిన మిశ్రమాన్ని ఇనుములాగే లాగుతుందని జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఫ్రిట్జ్ హ్యూస్లర్ 1903లో చూపించాడు. మాంగనీసు పరమాణువుల్లో స్పిన్ బలంగానే ఉంది, మాంగనీసు లోహంలో అవి ఒకదానికొకటి ఎదురుగా తిరిగి రద్దవుతాయి. మిశ్రమంలో వాటి మధ్య దూరం పెరిగి, ఒకే దిశకు తిరుగుతాయి. ఇంత అందమైన ప్రయోగం పాఠ్యపుస్తకాల్లో మరింత చోటు పొందాలని నా కోరిక.

భీమిలి_అల

లోహాల గురించే మాట్లాడుతున్నారు, ఖనిజాల సంగతి కూడా చెప్పుకోవాలి. మా తీరంలో అల వెనక్కి వెళ్లిన తర్వాత ఇసుక మీద నల్లని చారలు మిగులుతాయి. పాత స్పీకరు నుంచి తీసిన అయస్కాంతాన్ని పాలిథీన్ సంచిలో చుట్టి ఆ చారల మీద దొర్లిస్తే నల్లని రేణువులు ముళ్లలా నిక్కబొడుచుకుంటాయి. సంచిని తిప్పి తీస్తే అయస్కాంతానికి అంటకుండా రేణువులన్నీ అందులో మిగులుతాయి. చుట్టకుండా పెడితే మాత్రం వాటిని వదిలించడం చాలా కష్టం. అంటుకున్నవి ఎక్కువగా మాగ్నెటైట్ రేణువులు. అదే నలుపులో ఇల్మనైట్ అనే టైటానియం ఖనిజం చాలా ఉంటుంది, దాన్ని ఈ అయస్కాంతం సరిగా పట్టుకోలేదు. ఖనిజ ఇసుకను వేరుచేసే కర్మాగారాల్లో ఇంకా బలమైన అయస్కాంతాలతో ఇల్మనైట్‌ను తీసి, అంటుకోని జిర్కాన్, రూటైల్‌లను విడిగా పంపిస్తారు.

నల్లరేగడి

మాది బళ్లారి సరిహద్దు. మా వైపు ఇనుప ఖనిజం రాయిని అయస్కాంతం దాదాపు పట్టించుకోదు. ఇనుము శాతం అరవై దాటిన రాయి అది.

భీమిలి_అల

మీ వైపు ఉన్నది ఎక్కువగా హెమటైట్. దానిలో ఇనుము పరమాణువులు రెండు వరుసలుగా దాదాపు ఎదురెదురుగా తిరిగి ఒకదానినొకటి రద్దు చేసుకుంటాయి, కాస్త వంకర వల్ల అతి స్వల్పమైన గుణం మాత్రం మిగులుతుంది. మాగ్నెటైట్‌లోనూ కొన్ని ఎదురెదురుగానే ఉంటాయి, కానీ రెండు వైపులా సమానంగా ఉండవు గనుక ఒక వైపు బలం మిగిలిపోతుంది. సహజంగా దొరికే సూదంటురాయి ఈ మాగ్నెటైటే.

కొలిమి_వారసుడు

తుప్పు విషయం కూడా దీనితోనే తేలిపోయింది. ఎర్రటి తుప్పు పొడిని అయస్కాంతం పెద్దగా లాగదు, కొలిమిలో కాల్చిన ఇనుము మీద నుంచి రాలే నల్లని పొలుసును లాగుతుంది. ఆ నల్లని పొలుసులో మాగ్నెటైట్ ఉంటుందన్నమాట.

లోలకం

అవును, కాలిన ఇనుము మీది నల్లని పొలుసులో మాగ్నెటైట్ ఉంటుంది. ఎర్రటి తుప్పు ఎక్కువగా నీరు చేరిన ఇనుప ఆక్సైడ్, దానిలో స్పిన్‌లు ఎదురెదురుగా రద్దవుతాయి.

గిన్నెల_బజారు

ఇదంతా చదివాక మా దుకాణంలో రెండు పెట్టెలు వేరు చేసి పెట్టించాను. ఇండక్షన్ పొయ్యికి అడిగినవారికి అడుగున అయస్కాంతం అంటించి చూపిస్తాం. మిగిలినవాటికి అయస్కాంతం చూపించి నాణ్యత చెప్పడం మాని, రకం సంఖ్యను బిల్లు మీద రాసి ఇస్తాం. రేకుల కార్ఖానా గారు, మాంగనీసును పట్టించే ఆ ద్రవాన్ని ఎంతసేపు ఉంచాలి, రంగు ఎలా చదవాలి?

రేకుల_కార్ఖానా

ముందు ఆ చోటును గరుకు కాగితంతో రుద్ది, జిడ్డు లేకుండా తుడవండి. చుక్క వేసి, సీసా మీద రాసిన పద్ధతిలో బ్యాటరీ కొనను కొన్ని సెకన్లు తాకించండి. మాంగనీసు ఎక్కువగా ఉన్న 200 శ్రేణి రేకు మీద చుక్క ఎర్రబడుతుంది, 304 మీద అంతగా ఎర్రబడదు. మీకు రకం కచ్చితంగా తెలిసిన రెండు ముక్కలను పక్కన పెట్టుకుని, వాటి రంగుతో పోల్చి చూడండి. ద్రవంలో ఆమ్లం ఉంటుంది, చేతికి తొడుగు వేసుకోండి, పరీక్ష చేసిన చోటును వెంటనే నీళ్లతో కడగండి. గిన్నె లోపలి వైపు ఎప్పుడూ వేయవద్దు, అడుగు బయటి వైపే వేయండి.